క్యూబా చుట్ట

వీరేశం వచ్చేసరికి నేను మెంతికూర తుంచుకుంటూ కూర్చున్నాను. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటింది. ఆ వేళకు మా వారు ఆఫీసులోనే ఉంటారని అతనికి తెలియకపోదు. ఆయన పనిచేసే కంపెనీకి క్యాబులు నడిపేది అతనే. పదేళ్ళ కిందట ఒక్క కారుతో, తనే డ్రైవరుగా మొదలుపెట్టి, ఇప్పుడు అరవై కార్లకు యజమాని అయ్యాడు. మనిషి మర్యాదస్తుడు. చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచి వచ్చాడు. నాకు మొదట అనుమానం వేసింది అక్కడే. గుమ్మం లోపలికి అడుగు పెట్టే ఉద్దేశం లేని మనిషి చెప్పులు అంత దూరాన ఎందుకు విడవాలి?

"నమస్తే వదినమ్మా. జర గిది సారుకియ్యుండ్రి" అన్నాడు, గుడ్డసంచి ఒకటి ముందుకు చాపుతూ.

సంచి అందుకోకుండా లోపలికి చూశాను. చెక్కపెట్టె. మూత మీద బంగారు రంగు అక్షరాలు, అంచున ఆకుపచ్చ కాగితపు సీలు.

"ఏమిటిది?"

"ఏం లేదు వదినమ్మా, చిన్న వస్తువు. మా బామ్మర్ది దుబాయికెల్లి తెచ్చిండు. సిగార్లు. క్యూబాయి. అసలు మాల్."

"మా ఇంట్లో కాల్చేవాళ్ళు లేరండీ."

"సారుకెరుకే. ఫోన్ల జెప్పిన. మీరేం ఫికర్ పెట్టుకోకుండ్రి." సంచిని చెప్పుల స్టాండు మీద పెట్టి, నేను ఇంకో మాట వెతుక్కునేలోపు లిఫ్టులోకి వెళ్ళిపోయాడు.

సారుకు ఎరుకేనట. నాకు ఎరుక లేదు.

పెట్టెను ఇంట్లోకి తీసుకురాలేదు. చెప్పుల స్టాండు మీదే ఉంచి, మిగిలిన మెంతికూర తుంచాను. మా వారు ఉదయ్ భాస్కర్ ఆ కంపెనీలో క్యాబులు, క్యాంటీను, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ ఇలాంటివన్నీ చూసే మేనేజరు. క్యాబుల కాంట్రాక్టు మళ్ళీ ఎవరికివ్వాలో రాసే ఫైలు వచ్చే బుధవారం ఆయన టేబులు మీదకు వస్తుంది. పదహారేళ్ళ ఉద్యోగంలో ఆయన ఎవరి దగ్గరా దీపావళి స్వీటు డబ్బా కూడా పుచ్చుకోలేదు. ఎవరైనా బలవంతంగా ఇచ్చిపోతే గేటు దగ్గర వాచ్‌మన్ల గదిలో పెట్టించేవారు. సొంత ఇల్లు ఎప్పుడు కొంటారని మా వాళ్ళు అడిగినప్పుడల్లా నేను తలెత్తుకుని జవాబు చెప్పేది ఆ ఒక్క ధైర్యంతోనే. కొత్తగూడలో ఈ అద్దె ఫ్లాటు, ఈ అయిదో అంతస్తు, బాల్కనీ ఎదుట ఫ్లైఓవర్ మీద పొద్దస్తమానం హారన్లు, వీటిలో ఏదీ నాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

ఆయన ఏడింటికి వచ్చారు. బూట్లు విప్పకముందే చెప్పుల స్టాండు వైపు చూశారు.

"ఓ, ఇచ్చి వెళ్ళాడా?"

ఆశ్చర్యపోతారేమో, కోప్పడతారేమో అని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. రెండూ లేవు.

"మీరు తెమ్మన్నారా?"

"తెమ్మనలేదు. తెస్తానంటే వద్దనలేదు."

"ఆ రెండింటికీ తేడా ఉందా?"

"ఉంది నీహా. ఇది నాకోసం కాదు" అంటూ సోఫాలో కూలబడ్డారు. "రేపు మధ్యాహ్నం శివశంకర్ గారింట్లో భోజనం అని చెప్పాను కదా."

శివశంకర్ గారు రెండు నెలల కిందట బెంగుళూరు నుంచి వచ్చిన డైరెక్టరు. రెండు విభాగాలను కలిపి ఒక్కరి చేతిలో పెట్టబోతున్నారు. ఆ ఒక్కరు మా వారా, రెండో విభాగం చూసే ఆయనా అన్నది శివశంకర్ గారి చేతిలో ఉంది. ఆయనకు సిగార్లంటే ప్రాణమని, మణికొండ అవతలి విల్లాలో వాటికోసం ప్రత్యేకంగా చల్లటి అలమర చేయించుకున్నారని మా వారు అంతకుముందే రెండుసార్లు చెప్పారు. రెండోసారి చెప్పినప్పుడే నేను ఇంకొంచెం శ్రద్ధగా వినవలసింది.

"అంటే వీరేశం మీకిస్తాడు. మీరు ఆయనకిస్తారు."

"నా దగ్గర ఉండేది ఒక్క రాత్రి. నేను ఒక్కటి కూడా ఉంచుకోను. అలాంటప్పుడు నేను పుచ్చుకున్నట్టు ఎలా అవుతుంది?"

"ఏటా ఏప్రిల్లో సంతకం పెట్టి ఇస్తారే ఒక కాగితం, కాంట్రాక్టర్ల దగ్గర ఏమీ తీసుకోనని. అందులో ఒక్క రాత్రికి మినహాయింపు ఉందా?"

"నువ్వు మరీ లాయరులా మాట్లాడకు" అని ఫోను తీశారు. మాట తప్పించాలనుకున్నప్పుడు ఆయన ఫోను తీస్తారు. "ఇది చూడు. మొదటిసారి సిగార్ కాల్చేవాళ్ళకు ఏమనిపిస్తుందో రాశారు. పొగ మింగకూడదట. నోట్లోనే ఉంచుకుని వదిలేయాలట. గంట పడుతుందట ఒక్కటి కావడానికి."

"ఇప్పుడు మీరు కాలుస్తారా?"

"ఆయన కాలుస్తుంటే నేను ఎదురుగా కూర్చుని మజ్జిగ తాగనా?"

అగరుబత్తి వెలిగిస్తే ఆరుసార్లు తుమ్మే మనిషి. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

కత్తితో సీలు కోసి ఆయనే పెట్టె తెరిచారు. పలచటి చెక్కరేకు కింద వరుసగా సిగార్లు, ఒకే పొడవు, ఒకే రంగు. వాసన గది అంతా పరుచుకుంది. కొత్త బీరువా తలుపు తెరిచినప్పటి వాసన, దానికింద ఎండుగడ్డి వాసన. రెండు నిమిషాలు కాలేదు, పక్కగదిలో మంచం కిర్రుమంది.

మా మామయ్యగారు భీమేశ్వరరావు గారికి డెబ్బయి నాలుగేళ్ళు. రాజమండ్రిలో పొగాకు కంపెనీలో నలభై ఏళ్ళు గ్రేడరుగా చేశారు. రైతులు తెచ్చిన ఆకును చూసి, తాకి, వాసన పట్టి, ఏ ఆకు ఏ తరగతిదో చెప్పడమే ఉద్యోగం. గోదావరి లంకల్లో పండిన ఆకైతే ఏ లంకదో కూడా చెప్పేవారట. ఆ నలభై ఏళ్ళూ, ఆ తర్వాతా, రోజుకు నాలుగు చుట్టలు. పదకొండు నెలల కిందట గుండెకు స్టెంట్ వేశాక డాక్టరు మాన్పించారు. డాక్టరు మాన్పించారు అనడం మర్యాదకే. కాపలా నాది.

"ఏవిటర్రా అది?" అంటూ వచ్చారు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"క్యూబా సిగార్లు నాన్నగారూ. దుబాయి నుంచి."

ఆయన ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో నెమ్మదిగా నొక్కారు. ముక్కు కింద పొడవునా జరిపారు. పై ఆకు మీద బొటనవేలు రాశారు. ఆ చేతులు అంత నిదానంగా కదలడం స్టెంట్ వేసిన తర్వాత నేను చూడలేదు. ఏదో మాట అనబోయి ఆగి, "ఇది ఎవరిచ్చారు?" అన్నారు.

మా వారు చెప్పారు. ఎవరి కోసమో, ఎందుకో కూడా చెప్పారు. మామయ్యగారు అంతా విన్నారు. తర్వాత సిగార్‌ను పెట్టెలో యథాస్థానంలో పెట్టారు.

"క్యూబాయా పాడా. మన లంకాకు ఇది."

"సీలుంది కదండీ నాన్నగారూ!"

"సీలు పెట్టెకుంది. ఆకు సంగతి సీలుకేం తెలుసు? ఎవడో ఇక్కడే ఎక్కడో చుట్టించి, రంగుకాగితం తొడిగాడు. ఆ పెద్దమనిషి కాల్చేవాడంటున్నావు. ఒక్క దమ్ముకే పట్టేస్తాడు."

మా వారి ముఖం పాలిపోయింది. "ఖాయంగా చెప్పగలరా?"

"ఖాయంగా అంటే..." మామయ్యగారు పెట్టె వైపు చూశారు. "ఒకటి కాల్చి చూస్తేగానీ చెప్పలేం."

నేనూ మా వారూ ఒకరినొకరం చూసుకున్నాం.

"అదా సంగతి! ఎత్తు బాగా వేశారు నాన్నగారూ" అన్నారు మా వారు.

"ఎత్తేవిటిరా? నీ పరువు కోసం..."

"నా పరువు కోసం మీరు దమ్ము లాగుతారా?"

పెద్దాయన తన గదిలోకి వెళ్ళిపోయారు. మా వారు పెట్టెను తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నారు. సీలును వెలుతురులో పెట్టి చూశారు, ఫోనులో ఏవో బొమ్మలతో పోల్చి చూశారు. "అసలువే" అంటారు. అయిదు నిమిషాలకు "ఏమో" అంటారు. పెట్టె తీసుకెళ్ళడం తప్పా కాదా అన్న ప్రశ్న ఆయన మనసులోంచి పూర్తిగా పోయింది. ఇప్పుడు మిగిలింది అసలా, నకిలీనా అన్నదొక్కటే.

నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ ఆలోచించాను. వీరేశం అసలువంటాడు, అతనికి కాంట్రాక్టు కావాలి. మా వారు అసలువని నమ్మాలనుకుంటారు, ఆయనకు పదవి కావాలి. మామయ్యగారు కాల్చి చూడాలంటారు, ఆయనకు పొగ కావాలి. ముగ్గురిలో ఒక్కరి మాటా పనికిరాదు.

"నేను కాలుస్తాను" అన్నాను, కంచాలు పెడుతూ.

మా వారు తల ఎత్తారు. "నువ్వా?"

"ఈ ఇంట్లో ఆ పెట్టెతో పని లేనిదాన్ని నేనొక్కదాన్నే."

అప్పటికి నేను అలాగే అనుకున్నాను.

* * *

శనివారం పొద్దున పనిమనిషి బుచ్చమ్మ వెళ్ళేదాకా ఆగాను. ఆమె చూసిందంటే సాయంత్రానికి మూడు బ్లాకుల్లోనూ తెలుస్తుంది. తర్వాత బాల్కనీలో ఆరేసిన బట్టలన్నీ తీసి లోపల మడతపెట్టాను. ప్లాస్టిక్ కుర్చీ, స్టీలు పళ్ళెం, అగ్గిపెట్టె, మంచినీళ్ళు పెట్టుకున్నాను. తొమ్మిదిన్నర అయింది. ఒంటిగంటకు మా వారు శివశంకర్ గారింట్లో ఉండాలి.

మామయ్యగారిని హాల్లోనే, దోమల జాలీ తలుపుకు అవతల కూర్చోబెట్టాను.

"అంత దూరం నుంచి ఎలా చూడనమ్మాయ్?"

"కళ్ళజోడు పెట్టుకోండి. ముక్కుతో మాత్రం పని పెట్టుకోకండి."

"జాలీ పొగను ఆపుతుందా ఏవిటి?" అని మా వారు నవ్వారు. అది నిజమే. అందుకని గాజు తలుపు కూడా ముప్పాతిక వేశాను.

సిగార్ మూసివున్న కొన కోయాలి. దానికోసం వేరే కత్తెర ఉంటుందని మా వారి ఫోను చెప్పింది. మా ఇంట్లో ఉన్నది అడకత్తెర.

"గోరంత కొయ్యమ్మా, చాలు" అన్నారు మామయ్యగారు గాజు సందులోంచి. "టోపీ తీసినట్టు."

వక్కను కోసే అలవాటుతో నొక్కాను. గోరంతకు రెండింతలు తెగింది. పై ఆకు అంచు చుట్ట విప్పుకోవడం మొదలుపెట్టింది.

"నాలుకతో తడిపి అంటించెయ్!" అన్నారు మామయ్యగారు.

"నాన్నగారూ, అలా చేయకూడదని ఇందులో రాశారు."

"రాసినవాడు ఎన్ని కాల్చాడో కనుక్కోరా."

తడిపి అంటించాను. అంటుకుంది. ఆకు ఉప్పగా, కొంచెం తియ్యగా తగిలింది. అగ్గిపుల్ల మంటను కొనకు తాకీ తాకకుండా పట్టి తిప్పమన్నారు. మూడు పుల్లలు గాలికి ఆరిపోయాయి. నాలుగోదానికి అంచంతా ఎర్రగా రాజుకుంది.

మొదటి పీల్పుకే దగ్గుతానని ఇద్దరూ నా ముఖంలోకి చూస్తున్నారు. దగ్గలేదు. పొగ నోట్లోకి వేడిగా, మెత్తగా వచ్చింది. గొంతులోకి పోనివ్వకుండా బుగ్గల్లో ఆపి వదిలాను. నాలుక మీద మిరియం గీసినట్టు ఒక చురుకు. నోరంతా నీళ్ళూరింది.

"ఎలా ఉంది?" అన్నారు మా వారు.

"తెలియడంలేదు."

"అసలుదిలా ఉందా?"

"అసలుది ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది?"

"నిమిషానికి ఒక్కసారే" అన్నారు మామయ్యగారు. "గబగబా లాగితే వేడెక్కి చేదెక్కుతుంది. బూడిద రాల్చకు. దాన్నలా ఉండనీ."

నిమిషానికి ఒక్కసారి. మధ్యలో చేయడానికి ఏ పనీ లేదు. ఇంట్లో అలా ఏ పనీ లేకుండా కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తురాలేదు. ఫ్లైఓవర్ మీద కంపెనీ క్యాబులు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. వాటిలో వీరేశం కార్లు ఎన్నో. ఎదుటి బ్లాకులో ఎవరో తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసుకున్నారు. పావుగంటకు చురుకు తగ్గింది. కాచిన పాలలో కోకో పొడి కలిపినప్పటి వాసన ఒకటి ముక్కు వెనుక నుంచి తెలిసింది. నిజంగానే తెలిసిందో, తెలియాలని నేనే అనుకున్నానో! డిగ్రీలో కెమిస్ట్రీ ల్యాబులో మా మేడం ఒక మాట పట్టుపట్టి చెప్పేవారు: పోల్చడానికి రెండోది పక్కన లేకపోతే మొదటిదాని గురించి మాట్లాడే హక్కు లేదని.

"ఇలా కాదు" అన్నాను. "పక్కన లంక చుట్ట ఒకటి ఉండాలి. రెండూ చూస్తే తెలుస్తుంది."

"ఇప్పుడు లంక చుట్ట ఎక్కడ దొరుకుతుంది?" మా వారు గడియారం చూసుకున్నారు. "ఈ చుట్టుపక్కల ఏ పాన్‌డబ్బాలోనూ ఉండవు. నాన్నగారు మానేసి ఏడాది కావస్తోంది."

గాజు తలుపు అవతల మామయ్యగారు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. మా వారు పదిగంటలైందని అన్నారు. ఇంకాసేపు చూసి, తేలకపోతే తీసుకెళ్ళిపోతానని అన్నారు. సీలు మీద తనకు నమ్మకం ఉందన్నారు.

మామయ్యగారు లేచి తన గదిలోకి వెళ్ళారు. బీపీ మిషన్ పెట్టెతో తిరిగి వచ్చారు. రోజూ పొద్దున నేనే ఆ మిషన్‌తో ఆయనకు బీపీ చూసి పుస్తకంలో రాస్తాను. చూశాక పెట్టెలో సర్దేది మాత్రం ఆయన. నాకు శ్రమ ఎందుకని అనేవారు. పెట్టె అడుగున అట్ట ఎత్తి, పాత పేపరులో చుట్టిన ఒక నల్లటి చుట్టను తీసి, తలుపు సందులోంచి నాకు అందించారు. నా ముఖంలోకి చూడలేదు.

"నాన్నగారూ!" అన్నారు మా వారు.

"తర్వాత తిడుదువుగాని. ముందు అమ్మాయిని కాల్చనీ."

అనవలసినవి చాలా ఉన్నాయి.

సిగార్‌ను పళ్ళెం అంచున ఆనించి చుట్ట ముట్టించాను. మొదటి దమ్ముకే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నాలుక మంటెత్తింది. ఎండుమిరపకాయ మాడిన ఘాటు, వెనకే తారులాంటి చేదు. దగ్గాను, బాగా దగ్గాను. రెండో దమ్ము అంతకంటే ఘాటు. నీళ్ళు పుక్కిలించి మళ్ళీ సిగార్ అందుకున్నాను. అదే మెత్తదనం, అదే పాల వాసన.

చిన్నపిల్లకైనా తెలిసిపోయే తేడా అది.

వంటింట్లో కుక్కరు మూడో విజిల్ వేసింది. "కట్టేసి వస్తానుండు" అని మా వారు లోపలికి పరుగెత్తారు.

మామయ్యగారు తలుపు సందు దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. గొంతు తగ్గించి అన్నారు: "అమ్మాయ్, మొదటిసారి కాల్చేవాళ్ళకు ఏదైనా ఒకలాగే ఉంటుంది. రెండూ ఒకటేనన్నా అందులో నీ తప్పేం లేదు."

నేను పళ్ళెంలోకి చూశాను. చుట్ట బూడిద నల్లగా, రేకులు రేకులుగా రాలి ఉంది. సిగార్ కొనకు బూడిద అంగుళం పొడవున, తెల్లగా, రాలకుండా నిలిచి ఉంది. ఆయనా దాన్నే చూస్తున్నారు. నలభై ఏళ్ళు ఆకును చూసి బతికిన మనిషి. అది లంకాకు కాదని ఆయనకు ఇప్పుడు తెలిసింది కాదు. నిన్న సాయంత్రం చెవి దగ్గర పెట్టుకుని నొక్కినప్పుడే తెలుసు. ఏదో అనబోయి ఆగి, ఇది ఎవరిచ్చారని అడిగినప్పుడే తెలుసు.

కుక్కరు ఆగింది. మా వారి అడుగుల చప్పుడు వినిపించింది. నేను సిగార్‌ను పళ్ళేనికి అదిమి, ఆ తెల్లటి బూడిదను చుట్ట బూడిదలో బొటనవేలితో కలిపేశాను.

"ఏమంటావు?" అన్నారాయన, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ.

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నేను ఆయనకు చెప్పిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవి కూడా మా పుట్టింటి వాళ్ళ గురించే.

"రెండూ ఒకటే" అన్నాను.

"ఒకటేనా? ఖాయమేనా?"

"లంకాకే."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. తర్వాత ముఖం ఎర్రబడింది. "ఎంత మోసగాడు! ఆ మనిషి ముందు నన్ను నవ్వులపాలు చేసేవాడు కదా. అసలు మాల్ అట! ఉండు, వాడి సంగతి చెబుతాను."

నేను ఎదురుచూశాను. ఇంకొక్క మాట కోసం. అసలువైనా సరే తీసుకెళ్ళకూడదు, నిన్ననే వెనక్కి పంపవలసింది, ఇలాంటిదేదైనా ఒక్క మాట. ఆయన వీరేశాన్ని తిడుతూనే ఉన్నారు. నకిలీ అంటగట్టాడని తిట్టారు. అంటగట్టాడని మాత్రం తిట్టలేదు.

"మీరు ఫోను చేయకండి" అన్నాను. "నకిలీవని చెబితే క్షమించమని అసలువి తెస్తాడు."

ఆయన ఆగారు. ఫోను చేతిలో అలాగే ఉంది. "అదీ నిజమేలే" అన్నారు కాసేపటికి.

ఆ కాసేపును నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

* * *

పన్నెండింటికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, దారిలో పళ్ళు తీసుకుంటానని చెప్పి మణికొండ వైపు బయలుదేరారు. నాకు అప్పటికి తల తేలిపోతోంది. అరచేతులు చల్లబడ్డాయి. బెల్లంముక్క నోట్లో వేసుకుని సోఫాలో తల వెనక్కి ఆనించుకున్నాను. మామయ్యగారు గ్లాసుతో మజ్జిగ కలిపి తెచ్చి ఇచ్చారు.

"ఖాళీకడుపుతో కాల్చావు. టిఫిను తిని కాల్చవలసింది. నాకు తట్టలేదు" అన్నారు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"అదొక్కటే అమ్మా."

"బీపీ మిషన్ పెట్టెలో అదొక్కటే. ఇంకెక్కడ?"

"ఒట్టు. వాసన చూసుకోవడానికి ఉంచుకున్నాను. కాల్చలేదు."

నాకు నమ్మకం కలగలేదు. ఆయన గది సోమవారం నేనే సర్దుతానని మనసులో అనుకున్నాను. మజ్జిగ సగం తాగి అడిగాను: "నిన్ననే మీ అబ్బాయితో, ఇది అసలుదే, అయినా తీసుకెళ్ళకు అని ఎందుకు చెప్పలేదు మామయ్యగారూ?"

"వాడు నా మాట వినే వయసు దాటిపోయాడమ్మా. ఆకు మాటైనా వింటాడేమోనని."

గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. పంపు తిప్పి కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన గ్లాసు కడగడం నేను ఎప్పుడూ వినలేదు.

నేను వీరేశానికి ఫోను చేశాను.

అతను అరగంటలో వచ్చాడు. పైకి రావద్దని, నేనే గుడ్డసంచితో కిందికి దిగాను. పార్కింగులో తన కారు పక్కన నిలబడి ఉన్నాడు. సంచిని చూడగానే ముఖం మారింది.

"ఏంది వదినమ్మా, వాపసిస్తున్రు? సారు గుస్సా అయిండా?"

"సారు కాదు. నేనే ఇస్తున్నాను."

"నేనేమన్న తప్పు జేసిననా? కాంట్రాక్ట్ కోసం ఇచ్చిన అనుకుంటున్రా? దేవుని మీద ఒట్టు, గట్లాంటిదేం లేదు."

"ఏమీ అనుకోలేదు. తీసుకెళ్ళండి."

అతను సంచి అందుకోలేదు. పెట్టె మాత్రం బయటికి తీసి, కారు బానెట్ మీద పెట్టి మూత ఎత్తాడు. తెగిన సీలు చూశాడు. పెదవులు కదుపుతూ, వేలితో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టాడు. రెండోసారి కూడా లెక్కపెట్టాడు. తర్వాత నా వైపు అనుమానంగా చూశాడు. పొగ వాసన నా చీరనిండా ఉన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఒకటి తక్కువున్నది వదినమ్మా."

"అవును. నేను కాల్చాను."

నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. తల ఎత్తి అయిదో అంతస్తు బాల్కనీ వైపు చూసి, మళ్ళీ నన్ను చూశాడు. "మజాక్ జేస్తున్రా? నిజంగ మీరే?"

"నిజంగా నేనే."

"మరి..." పెట్టె మూత వేస్తూ, ఉండబట్టలేక అడిగాడు: "ఎట్లున్నది? మా బామ్మర్ది మీద నాక్కూడ జర డౌటే ఉండె."

పొద్దుటినుంచి ఆ ప్రశ్న అడిగినవాళ్ళలో, మా వారి తర్వాత, ఇతను రెండోవాడు. నిజమైన జవాబు చెప్పగలిగింది ఇతనికే.

"చాలా బాగుంది. అసలుదే. మీ బామ్మర్ది మిమ్మల్ని మోసం చేయలేదు."

వీరేశం ముఖం వెలిగింది, అంతలోనే అయోమయంగా ముడుచుకుంది. "బాగుంటె మరి వాపసెందుకిస్తున్రు?"

"అందుకే" అని, నేను లిఫ్టు వైపు నడిచాను.